దుప్పటికి ఆ కొసన బావమరిది

కలిసి పాడితే మనుషుల మధ్య బంధాలు గట్టిపడతాయని మా లాండ్రీ మేనేజరు ఏదో శిక్షణ శిబిరంలో విని వచ్చాడు. అంతకుముందు ఆయనకు ఆ సంగతి తెలియదు. మాకూ తెలియదు. తెలియకే ఏళ్ల తరబడి పాడుతూ ఉన్నాం. తెలిశాక ఏమైందో చెప్పాలంటే ముందు సైరన్ గురించి చెప్పాలి.

సైరన్ అంటే మనిషే. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండేది కానీ, హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు వినబడితే ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు. దుప్పట్లు మడతపెట్టే పని. మనిషి సన్నం, పొడుగు, మెత్తన. గొంతు మాత్రం ఆ ఒంటికి సంబంధించింది కాదు. ఆయన పాట అందుకుంటే పక్క వీధిలో కర్రల మిల్లువాళ్లు భోజనాలకు లేచేవారు. ఒకరోజు పొద్దున్నే కాస్త హుషారుగా ఎత్తుకున్నాడు. ఆ పూట మిల్లు మిల్లంతా టిఫిను వేళకే క్యారియర్లు విప్పి, సాయంత్రం దాకా ఆకలితో మాడిపోయిందని చెబుతారు. చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకోండి, అయినా కాదన్నవాళ్లు ఇంతవరకు లేరు.

మా లాండ్రీకి ఆసుపత్రులవీ హోటళ్లవీ దుప్పట్లు వచ్చేవి. నేను అక్కడ గుమాస్తాను. నా కుర్చీ అద్దాల గదిలో, ఎదురుగా మడత హాలు. ఆ హాలు కట్టినవాడికి మనుషులకు వీపులుంటాయని ఎవరూ చెప్పినట్టు లేదు. అంత ఇరుకు. దుప్పటికి ఇద్దరు చొప్పున జంటలు జంటలుగా పక్కపక్కనే నిలబడతారు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని లాగి, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి మూలలు కలపాలి. అందరూ ఒకేసారి ముందుకు నడిస్తేనే వాళ్ల వెనక దారి ఏర్పడుతుంది. ఆ కాసేపట్లో ట్రాలీ అత్తయ్య తన తోపుడు బండి పోనిచ్చుకోవాలి. ఒక్క జంట తేడా నడిచిందా, ట్రాలీ వెళ్లి ఎవరి నడుముకో తగులుతుంది. అత్తయ్య ఆగి క్షమాపణ చెప్పే రకం కాదు. "నడుం ఇంట్లో పెట్టి రాకపోయావా నాయనా" అని సాగిపోయే రకం.

అందుకని పాట. ఎవరు కట్టారో తెలియదు, కట్టినవాళ్లకూ గుర్తుండి ఉండదు.

అంచు పట్టు, అంచు పట్టు,
మూలకు మూల కలిపి పట్టు.

ఇంతే పల్లవి. ఆ తర్వాత ఒక్కో జంట తమ వంతుకు సొంతంగా ఒక చరణం కట్టి అందుకోవాలి, మళ్లీ అందరూ పల్లవి. ఇందులో సైరన్ ఘనత ఏమిటంటే, ఆయనకు పల్లవి పూర్తయ్యేదాకా ఊపిరి చాలదు. "మూలకు మూ" అనేసరికి గాలి అయిపోతుంది. అక్కడ ఆగి, బావిలోంచి చేద తోడినట్టు పెద్ద చప్పుడుతో ఊపిరి లాగి, అప్పుడు "ల కలిపి పట్టు" అంటాడు. మొదట్లో నవ్వారు. తర్వాత ఆ ఖాళీలో ఏదో ఒకటి చెయ్యాలి కదా అని అందరూ దుప్పటి విదిలించడం మొదలుపెట్టారు. "మూలకు మూ", సైరన్ గస, హాలంతా ఒక్కసారి ఫటేల్ మనే విదిలింపు, "ల కలిపి పట్టు". కొత్తగా పనిలో చేరినవాళ్లు పాట అట్లాగే ఉంటుందనుకుని నేర్చుకున్నారు. పాతవాళ్లు కూడా అట్లాగే ఉంటుందనుకునే స్థితికి వచ్చారు.

సైరన్ దుప్పటికి ఆ కొసన నిలబడేది ఆయన బావమరిది. సొంత భార్యకు సొంత తమ్ముడు. ఇద్దరి మధ్య మాటల్లేవు.

కారణం చిన్నది కాబట్టే గొడవ అంత పెద్దదయింది. సైరన్ కూతురి పెళ్లిలో కుటుంబమంతా వరసగా నిలబడి ఫోటో తీయించుకున్నారు. ఈ చివర సైరన్, ఆ చివర బావమరిది. ఫోటో చక్కగా వచ్చింది. సైరన్ ఇంట్లో అటక మీద పాత ఫ్రేము ఒకటి పడి ఉంటే, ఉన్నది ఉండగా కొత్తది ఎందుకని ఫోటోను అందులో దూర్చాడు. ఫ్రేము కాస్త చిన్నది. బావమరిది తల సగం చెక్క కిందకు పోయింది. గోడకు తగిలించాక చూడవచ్చిన బావమరిది తన ఒంటి చెవి, ఒంటి కన్ను చూసుకుని, "పెళ్లికి నేను సగమే వచ్చానా బావా?" అన్నాడు. సైరన్ ఆ రోజే ఇంకో ఫ్రేము కొనేస్తే కథ లేదు. "మిగతా సగం నువ్వే కదా, నీకు తెలుసు కదా" అన్నాడు. అంతే.

అప్పట్నుంచి మాట బంద్. దుప్పటి మాత్రం బంద్ కాలేదు. ఇంకెవరితో జత కట్టినా ఇద్దరికీ చెయ్యి కుదరదు. ఎదురెదురుగా రోజంతా నిలబడతారు, మొహాలు చూసుకోరు, మూలలు మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తాయి. ఇక వంతు వచ్చినప్పుడు చరణం కట్టాలి కదా. అక్కడ సైరన్ ఒక దారి కనిపెట్టాడు.

కుళాయి కారుతోంది, మీ అక్క గోల,
రెంచి పట్టుకు రావోయి సాయంత్రం వేళ.

హాలంతా పల్లవి. బావమరిది కిటికీకేసి చూస్తూ అందుకున్నాడు.

రెంచి అరువు పట్టుకుపోయినవాడు
ఇప్పుడు నన్నే తెమ్మంటున్నాడు.

కానీ సాయంత్రం వెళ్లాడు. అక్కతో మాట్లాడి, కుళాయి బాగుచేసి, ఫోటోకు వీపు పెట్టి టీ తాగి, అదే గదిలో కూర్చున్న బావను పీటకో బల్లకో ఇచ్చే గౌరవం కూడా ఇవ్వకుండా లేచొచ్చాడు. ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదు. ఎందుకంటే పాట మాట కిందకు రాదని ఇద్దరికీ ఒప్పందం. ఆ ఒప్పందం కూడా వాళ్లు మాట్లాడుకోలేదు.

అక్కగారు తెలివైన మనిషి. రోజూ పొద్దున క్యారియరుతో పాటు కబురు కూడా కట్టి ఇచ్చేది. "ఏమండీ, మా తమ్ముడికి దగ్గు తగ్గిందో లేదో కనుక్కోండి." సైరన్ దారి పొడుగునా దగ్గుకు ప్రాస వెతుక్కుంటూ వచ్చేవాడు. దగ్గుకు దొరకక ఒకసారి జ్వరమని అడిగాడు. బావమరిది తనకు లేని జ్వరం గురించి రెండు పంక్తులు జవాబిచ్చాడు. ఆ జ్వరానికి అక్క కషాయం పంపింది. అతను తాగాడు కూడా. ఆత్మీయత అంటే అట్లా ఉండాలి.

ఇట్లా అంతా సవ్యంగా చెడి ఉండగా మేనేజరు శిక్షణ శిబిరం నుంచి తిరిగొచ్చాడు.

"కలిసి పాడండి. బంధాలు పెరుగుతాయి. ఇది శాస్త్రం," అన్నాడు మమ్మల్నందర్నీ క్యాంటీనులో నిలబెట్టి.

"మేం పాడుతూనే ఉన్నాం కదా సార్?" అంది ట్రాలీ అత్తయ్య.

"అది పని మధ్యలో అరుపు. నేను చెప్పేది పాట."

"అట్లాగా. ఇన్నాళ్లూ పాటనుకున్నాం, ఎవరూ చెప్పలేదు."

వచ్చే నెల లాండ్రీ వార్షికోత్సవం. యజమాని వస్తాడు, దుప్పట్లు పంపే హోటళ్ల పెద్దలు వస్తారు. వాళ్ల ముందు మా బంధాలు ప్రదర్శించాలి. ఆ పనికి సంగీతం మాస్టారిని కుదిర్చారు. మంచి మనిషే, పాపం చెవులు చాలా సున్నితం. అటువంటి చెవులు వేసుకుని లాండ్రీలోకి రాకూడదు. మొదటి రోజు పల్లవి విన్నాడు. "మూలకు మూ" దగ్గర సైరన్ గస విని రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏమిటది? యంత్రం ఏదైనా ఆగిందా?"

"లేదు మాస్టారూ, మా సైరన్," అన్నారంతా గర్వంగా.

మాస్టారు సైరన్‌ని ఒంటరిగా పాడించాడు. తర్వాత మంచినీళ్లు అడిగి తాగాడు. అడిగింది తనకోసమే. "మీరు పెదవులు మాత్రం కదపండి, చాలు. శబ్దం వద్దు," అన్నాడు.

చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టరు గారు నాకూ ఇదే వైద్యం చేశారు. నాకు పనిచేసింది. సైరన్‌కు పనిచెయ్యలేదు. పెదవులు కదిపితే గొంతు ఊరుకోదు, మూత సరిగా పడని ప్రెషర్ కుక్కరులా ఎక్కడో ఒకచోట కూత తన్నుకొస్తుంది. రెండు రోజులు చూసి మేనేజరు ఒక నిర్ణయానికి వచ్చాడు. బంధాలు బలపడాలంటే సైరన్ వెళ్లి మురికి బట్టలు వేరుచేసే గదిలో పనిచెయ్యాలి. ఆ గది హాలుకు అవతల, తలుపు వేస్తే లోపల మనిషి ఉన్నట్టు కూడా తెలియదు. బావమరిదికి ఎదురుగా, చిరుగులు కుట్టే టైలర్ని నిలబెట్టారు. గొంతు తేనె. చేతులు పొట్టి. దుప్పటి సగం లాగేసరికి టైలరు కూడా దుప్పటితో పాటు వచ్చేసేవాడు.

ఇక మాస్టారు ఇంకో నియమం పెట్టాడు. సాధన చేసిన గొంతులు పాడవకుండా, పనివేళల్లో ఎవరూ పాడకూడదు. అంటే పాట కోసం పాట ఆపేశారన్నమాట. రోజుకు ఒక గంట క్యాంటీనులో చేతులు కట్టుకుని నిలబడి, గస లేకుండా, ఖాళీ లేకుండా, నున్నగా పాడేవారు. మిగతా వేళంతా హాలు శ్మశానం. జంటలు ఎవరికి తోచినప్పుడు వాళ్లు ముందుకు, ఎవరికి తోచినప్పుడు వాళ్లు వెనక్కి. ట్రాలీకి తగలని నడుం లేదు. మేనేజరు కొత్తగా విజిల్ ఒకటి తెచ్చి నాకిచ్చి ఊదమన్నాడు. నేను ఊదితే అందరూ ఎవరికి ఏమైందోనని నాకేసి చూసేవారు. అంతవరకు పోట్లాట ఎరగని మనుషులు దుప్పటి కొస నువ్వు ముందు వదిలావంటే నువ్వు ముందు వదిలావని తిట్టుకోసాగారు. గోడ మీద మేనేజరు అంటించిన అట్ట మీద మాత్రం "మనమంతా ఒకే గొంతు" అని రాసి ఉంది.

అసలు చిక్కు సైరన్ ఇంట్లో వచ్చింది. ఆయన భార్యకు కంట్లో పొర ముదిరింది. ఎదురుగా నిలబడ్డ మనిషిని గొంతును బట్టి పోల్చుకుంటోంది. సైరన్ విషయంలో ఆ ఇబ్బంది లేదనుకోండి. వార్షికోత్సవం అయిన మరుసటి బుధవారం ఆపరేషను. ఆమెకు భయం. ఆ రోజు తమ్ముడు పక్కన ఉండాలి.

"ఏమండీ, వాణ్ణి పిలిచారా?"

"పాట లేదు కదే. ఎట్లా పిలవను?"

"నోటితో పిలవండి. అందరూ అట్లాగే పిలుస్తారు."

"వాడితో నేను మాట్లాడతానా?"

"మరి నేను పిలిస్తే వాడేమో, ఇంటాయన పిలవకుండా గడప తొక్కను అంటాడు. ఎప్పుడూ మీ చరణానికే కదా వచ్చాడు!"

"నిజమే. పద్ధతి గల మనిషి," అన్నాడు సైరన్, మెచ్చుకుంటున్నాడో తిడుతున్నాడో తనకే తెలియకుండా.

"కట్టు విప్పాక నాకు ముందు కనబడాల్సింది మీరిద్దరూ. ఒక్కరే కనబడితే ఆ కన్ను మళ్లీ మూసేసుకుంటాను, చూడండి మరి," అందామె.

ఇదంతా సైరన్ నాతో చెప్పుకున్నాడు, మురికి దుప్పట్ల గుట్టల మధ్య కూర్చుని. "నువ్వే వెళ్లి వాడికి చెప్పకూడదూ?" అన్నాడు. వెళ్లాను. బావమరిది విని, "మీరు పెద్దవారు. మీరు చెబితే అది మీ పిలుపు అవుతుంది గానీ ఆయన పిలుపు ఎట్లా అవుతుంది?" అన్నాడు. అంటూ టైలరు వదిలేసిన దుప్పటి కొసను కాలితో అందుకుని చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ నేను వెనక్కి తిరిగేలోపు, "అక్క కన్ను బాగా మసకేసిందా?" అన్నాడు. బాగానే మసకేసిందన్నాను. ఇక దుప్పటి మూలలు కుదరలేదు. మళ్లీ మళ్లీ విప్పాడు.

వార్షికోత్సవం వచ్చింది. క్యాంటీనులో వేదిక. ముందు వరసలో యజమాని, హోటళ్ల పెద్దలు. తమ దుప్పట్లు మడతపెట్టే చేతులను మొదటిసారి చూస్తున్నామన్న ఆసక్తి వాళ్ల మొహాల్లో ఎక్కడా లేదు. మావాళ్లు ఉతికిన యూనిఫారాల్లో వేదికెక్కి చేతులు కట్టుకున్నారు. అప్పుడు ఆఖరి నిమిషంలో మేనేజరు బుర్రలో ఒక మెరుపు మెరిసింది. ఊరికే నిలబడితే ఏం బాగుంటుంది? చేతుల్లో దుప్పట్లు పట్టుకుని, పాడుతూ మడతపెడుతుంటే ఎంత బాగుంటుంది?

"మాస్టారూ, ఎట్లా ఉంది ఆలోచన?"

"చేతులతో నాకు పని లేదండీ, గొంతులు చూసుకుంటాను," అన్నాడు మాస్టారు. ఆయన చేసిన తప్పల్లా అదే.

దుప్పట్లు తెమ్మని కేకేశారు. ఖాళీగా ఉన్న మనిషి సైరన్ ఒక్కడే కాబట్టి ట్రాలీ నిండా దుప్పట్లు పెట్టుకుని తోసుకొచ్చాడు. పంచి ఇచ్చి, వేదిక పక్క తలుపు వెనక నిలబడమన్నారు. నోరు తెరవకూడదని మేనేజరు వేలు చూపించి మరీ చెప్పాడు.

పాట మొదలైంది. అంచు పట్టు, అంచు పట్టు. వెన్నలాగా ఉంది, నేనే ఆశ్చర్యపోయాను. మాస్టారు కళ్లు మూసుకున్నాడు. "మూలకు మూ..."

ఆగిపోయింది.

ఎవరో ఒకరు ఆగారనుకోకండి. అందరూ ఒక్కసారే ఆగారు. చేతులు కట్టుకుని నెల రోజులు నేర్చుకున్నది గొంతుకు వచ్చింది గానీ, చేతిలోకి దుప్పటి రాగానే ఒళ్లు పాత లెక్కలోకి వెళ్లిపోయింది. కొసలు లాగి పట్టుకుని, విదిలించడానికి మోచేతులు ఎత్తి, అందరూ గస కోసం ఎదురుచూస్తున్నారు. గస రాలేదు. దుప్పట్లు గాలిలో ఉన్నాయి. మాస్టారు ఒక కన్ను తెరిచాడు. యజమాని పక్కాయనతో ఏదో అన్నాడు. మేనేజరు ముందు వరసలో కూర్చునే, పైకి నవ్వుతూ, కింద చేతితో ఊ, కానివ్వండి అంటున్నాడు. కానిస్తేనా! టైలరు ఒక్కడే ముందుకు పాడబోయి, ఒంటరిగా "ల" అని, సిగ్గుపడి మింగేశాడు.

అప్పుడు బావమరిది తలుపుకేసి తిరిగి, మా లాండ్రీ చరిత్రలో కనీవినీ ఎరగని పని చేశాడు.

"బావా, ఊపిరి తీస్తావా, మమ్మల్నిట్లా చంపుతావా?"

తలుపు వెనకనుంచి చేద తోడిన చప్పుడు. వేదిక మీద దుప్పట్లన్నీ ఫటేల్ మన్నాయి. ముందు వరసలో ఒక హోటలు పెద్ద మనిషి టోపీ ఎగిరిపోయిందని నేను చెబుతుంటాను. టోపీ పెట్టుకున్నాడా లేదా అని అడగకండి. "ల కలిపి పట్టు" అని క్యాంటీను దద్దరిల్లింది. అందులో ఒక గొంతు కర్రల మిల్లు దాకా వెళ్లింది. ట్రాలీ అత్తయ్య టైలరు చొక్కా వెనక్కి లాగి, "ఇటు రా నాయనా, అది నీ కొస కాదు" అంది. సైరన్ వచ్చి తన కొస పట్టుకున్నాడు. అందరూ పల్లవి పూర్తి చేసి ఆగారు. ఎవరి వంతో అందరికీ తెలుసు.

సైరన్ బావమరిదికేసి చూడలేదు. యజమానికేసి చూస్తూ పాడాడు. ప్రాస అప్పటికే తయారుగా ఉంది, ఎన్నాళ్ల నుంచి నోట్లో నానుతోందో.

బుధవారం పొద్దున మీ అక్క కంటికి
ఆపరేషనంట, రావోయి ఇంటికి.

యజమాని తనకే చెబుతున్నాడనుకుని కంగారుగా తల ఊపాడు. బావమరిది దుప్పటి మూల నుంచి చూపు ఎత్తకుండా అందుకున్నాడు. శ్రుతి కాస్త జారింది. మాస్టారు ఉంటే తప్పుపట్టేవాడు, కానీ ఆయన అప్పటికి బయటకు వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

వారమై చొక్కా ఉతికి తగిలించా,
పిలుపు రాక దానికి మూడుసార్లు ఇస్త్రీ చేయించా.

రెండో పంక్తి పాటలో సరిగ్గా ఇమడలేదు. ఎవరూ పట్టించుకోలేదు. చప్పట్లు బాగానే పడ్డాయి. మేనేజరు లేచి, ఆ మధ్యలో ఆగడం, తలుపు వెనకనుంచి గొంతు రావడం, ఇవన్నీ బంధాల గురించి తాను ప్రత్యేకంగా ఆలోచించి పెట్టించినవని యజమానికి వివరించాడు. యజమాని మెచ్చుకున్నాడు. మర్నాటి నుంచి సైరన్‌ని హాలుకు మార్చడం కూడా మేనేజరు దూరదృష్టే. నా విజిల్ మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు హాలులో ట్రాలీ అత్తయ్య బావమరిదిని పట్టుకుంది. "నిన్న నీ బావతో మాట్లాడావు. మేమంతా విన్నాం."

"మాట ఎక్కడుంది అత్తయ్యా? పాట ఆగిపోతే అందించాను."

"బావా అన్నావు నాయనా."

"అది పాటలో ముక్కే."

సైరన్ కూడా అదే అన్నాడు. ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ ఎంత ఏకాభిప్రాయమో.

బుధవారం బావమరిది ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఆసుపత్రిలో బల్లకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, మధ్యలో దుప్పటి లేకపోయినా ఉన్నంత దూరంలో కూర్చున్నారు. ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పే రోజు ఇంట్లో నేనూ ఉన్నాను. ఆమె ముందు ఇద్దర్నీ చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత ఆ కొత్త కన్నుతో గదంతా చూసుకుంటూ గోడ మీది ఫోటో దగ్గర ఆగింది.

"ఏమండీ, ఇదేమిటి? మా తమ్ముడు నిండుగా ఉన్నాడు. మీ తల ఏదీ?"

సైరన్ కిటికీకేసి చూస్తున్నాడు. ఫ్రేము పాతదే. అందులో ఫోటోను కాస్త పక్కకు జరిపినట్టున్నాడు. ఆ చివర బావమరిది రెండు చెవులతో దర్జాగా బయటపడ్డాడు. ఈ చివర సైరన్‌కు ఒంటి చెవి, ఒంటి కన్ను, సగం నోరు.

"కొత్త ఫ్రేము కొనొచ్చు కదండీ!"

"ఫ్రేము బాగానే ఉంది కదే," అన్నాడు సైరన్.

బావమరిది ఇన్నాళ్ల తర్వాత ఫోటోకు ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. టీ తాగుతూ దాన్నే తేరిపార చూశాడు.

"అక్కా, ఇప్పుడు ఫోటో చక్కగా ఉందని ఆయనతో చెప్పు."

"ఏమండీ, ఫోటో చక్కగా ఉందట."

"సంతోషమని చెప్పు," అన్నాడు సైరన్, అటు తిరిగే.